ఖాన్‌కి నేల కాదు, మంద ఇవ్వండి: స్ట్రాటజీ గేమ్ డిజైనర్లకు బహిరంగ లేఖ

మధ్యయుగపు రాజ్యాల మీద స్ట్రాటజీ గేమ్‌లు తయారుచేస్తున్న డిజైనర్లకు, ప్రోగ్రామర్లకు, టెస్టర్లకు నమస్కారం.

స్టెప్పీ (యురేసియా గడ్డిమైదానాలు) సంచార జాతుల పాలకులను ఆటగాడి చేతికి ఇవ్వాలని మీలో చాలామంది పనిచేస్తున్నారు. మంగోలులు, కిప్చాకులు, పెచెనెగులు, ఖితాన్లు ఇన్నాళ్లూ మ్యాప్ అంచు నుంచి ఊడిపడి ఊళ్లు తగలబెట్టిపోయే గుంపులుగానే ఉన్నారు. ఆ స్థితి మారుతున్నందుకు మాకు నిజంగా సంతోషంగా ఉంది. కానీ వాళ్లను తయారుచేస్తున్న పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఉంది. రైతు రాజ్యపు రాజును తీసుకుని, కోట ఉన్న చోట గుడారం బొమ్మ పెట్టి, ఆశ్విక దళానికి 20 శాతం బలం కలిపి, పక్కన దోపిడీకి ఒక మీట బిగిస్తే సంచార పాలకుడు తయారవడు. అలా చేసిన ఖాన్ ఆట మొదలైన 30 ఏళ్లకల్లా మిగతా రాజుల్లాగే ప్రావిన్సులకు రంగు పూసుకుంటూ, భవనాలు కట్టుకుంటూ కూర్చుంటాడు.

లోపం పునాదిలోనే ఉంది. మీ కోడ్‌లో అన్నిటికీ నేలే ఆధారం. బిరుదు నేలకు, పన్ను నేలకు, సైన్యం నేలకు ముడిపడి ఉంటాయి. స్టెప్పీలో అధికారానికి ఆధారం పశువులూ, వెంట నడిచే మనుషులూ. రెంటికీ కాళ్లున్నాయి. రెండూ పాలకుణ్ణి వదిలి వెళ్లిపోగలవు. ఈ ఒక్క విషయాన్ని పునాదిలో పెడితే ఆర్థికం, యుద్ధం, వారసత్వం, సామ్రాజ్యాల పుట్టుక, పతనం అన్నీ దాని నుంచే వస్తాయి. పెట్టకపోతే ఎన్ని బోనస్‌లు అతికించినా నిలవవు. అందుకే ఎక్కడ ఏం చేయవచ్చో, ఏది బెడిసికొడుతుందో వివరంగా రాస్తున్నాం.

మొదట మంద ఖాతా. మందను ఒకే సంఖ్యగా పెట్టకండి. మంగోలులు తమ పశుసంపదను ‘ఐదు మూతులు’ అంటారు: గుర్రం, ఒంటె, గొడ్డు (ఎత్తు ప్రాంతాల్లో జడలబర్రె), గొర్రె, మేక. ఐదింటికీ ఐదు పనులు. గుర్రం గిట్టలతో మంచు తవ్వి గడ్డి బయటపెడుతుంది, దాని వెనక గొర్రె మేస్తుంది. గొడ్డుకు ఆ తవ్వడం చేతకాదు. ఒంటె నీళ్లు లేని చోట నిలుస్తుంది, గుడారాన్ని మోస్తుంది. గొర్రె మాంసం, ఉన్ని ఇస్తుంది. ఆ ఉన్నితోనే గుడారానికి కప్పే ఫెల్ట్ తయారవుతుంది. మన గొంగడిలా అది మగ్గం మీద నేసింది కాదు, ఉన్నిని తడిపి చుట్టి దొర్లించి అదిమి చేసింది. ఆర్ట్ బృందం ఈ తేడా గమనించాలి, గుడారం పైకప్పు నేత గుడ్డలా కనిపించకూడదు.

ఐదింటినీ ఒకే తక్కెడలో వేయడానికి నేటి మంగోలియాలో వాడే గొర్రె లెక్క పనికొస్తుంది. మేత పరంగా గొర్రె 1, మేక 0.9, ఒంటె 5, గొడ్డు 6, గుర్రం 7. ఈ లెక్క ఆటలోకి వచ్చిన క్షణం సైన్యం ఖర్చు దానంతటదే తేలిపోతుంది. ఒక్కో రౌతుకు 5 గుర్రాలు అనుకుంటే 10,000 మంది ఉన్న తుమెన్‌కు 50,000 గుర్రాలు. మేత లెక్కలో అవి 3,50,000 గొర్రెలు. ఇక జీతాలు, బంగారం నిర్వహణ ఖర్చు ఎందుకు? సైన్యాన్ని ఒకచోట పోగుచేస్తే అక్కడి గడ్డి అయిపోవాలి, అంతే. పెద్ద సైన్యాన్ని కదలకుండా నిలబెట్టుకోవడం ఖాన్‌కి ఎందుకు అసాధ్యమో ఆటగాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

వృద్ధి రేట్లు కూడా వేరువేరుగా ఉండాలి. ఆడగుర్రం చూలు 11 నెలలు, పుట్టిన పిల్ల స్వారీకి పనికిరావడానికి మరో మూడు నాలుగేళ్లు. ఆటకోసం మా సూచన: గొర్రెలకు ఏటా నికరంగా 20 శాతం, గుర్రాలకు 8 శాతం. అప్పుడు గొర్రెల మంద నాలుగేళ్లలో రెట్టింపవుతుంది, గుర్రాల మందకు తొమ్మిదేళ్లు పడుతుంది. ఒక చెడ్డ చలికాలం తర్వాత కడుపు నింపుకోవడం త్వరగా కుదురుతుంది, సైనికబలం తిరిగి రావడానికి ఒక దశాబ్దం కావాలి. ఆ మధ్యకాలంలో ఖాన్ ఏం చేస్తాడన్నదే ఆట.

ఒక టర్న్ అంటే ఒక రుతువు. కొందరు ఏటా ఒకే లెక్క వేసి రుతువును వట్టి దృశ్యంగా వదిలేస్తున్నారు, అలా చేస్తే మిగతాదేదీ పనిచేయదు. వేసవి మేత దాదాపు ఎప్పుడూ మిగులే. బిగింపు అంతా చలికాలపు విడిది దగ్గర ఉంటుంది: గాలి తగలని దక్షిణపు వాలు, మంచు పల్చగా పడే చోటు. తెగల మధ్య తగాదాలు ఎక్కువగా ఈ విడుదుల కోసమే రావాలి. కాబట్టి మందకు గరిష్ఠ హద్దును చలికాలపు మేత నుంచే లెక్కించండి.

శరదృతువు చివర ఆటగాడికి ఒక నిర్ణయం ఇవ్వండి: ఎన్నింటిని కోయాలి? తక్కువ కోస్తే మేత చాలక చలిలో చస్తాయి, మాంసం కూడా దక్కదు. ఎక్కువ కోస్తే వసంతంలో ఈనే తల్లులు తగ్గిపోతాయి. నాలుగు టర్న్‌లకు ఒకసారి వచ్చే ఈ ఒక్క ప్రశ్న, మీరు పెట్టే 20 భవనాల చెట్టు కన్నా బాగా ఆడుతుంది. శాంతికాలంలో సంచార పాలకుడికి చేయడానికి ఏమీ ఉండదన్న ఫిర్యాదుకు సగం జవాబు ఇక్కడే ఉంది.

పశువులను మూకుమ్మడిగా చంపే చలికాలాన్ని మంగోలులు ‘జుద్’ అంటారు. దాన్ని వట్టి ‘విపత్తు’ కార్డుగా వేయకండి. అందులో రకాలున్నాయి. తెల్ల జుద్‌లో మంచు లోతుగా పడి గడ్డి అందదు. నల్ల జుద్‌లో మంచే పడదు, పశువులకు తాగడానికి ఏమీ ఉండదు. ఇనుప జుద్‌లో మంచు కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టి నేల మీద పలకలా బిగుసుకుంటుంది, అప్పుడు గుర్రం గిట్ట కూడా పనిచేయదు. మొదటిదానిలో గుర్రాలు ఎక్కువగా ఉన్న మంద బతుకుతుంది, రెండోదానిలో ఒంటెలున్న మంద, మూడోదానిలో ముందే చోటు మార్చిన మంద. ఇలా అత్యవసరంగా దూరపు మేతకు తోలుకుపోవడాన్ని మంగోలులు ‘ఓతోర్’ అంటారు. ఆటలో దాన్ని ప్రత్యేక ఆజ్ఞగా పెట్టండి, ఇతరుల మేతలోకి వెళ్లాలి కాబట్టి దానికి వాళ్ల అనుమతో, పుల్లరో అవసరమయ్యేలా చేయండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. జుద్ దెబ్బ ముందటి వేసవి కరువుతో ముడిపడి ఉంటుంది. కొవ్వు పట్టని పశువు చలికి తట్టుకోలేదు. అందుకని వేసవి ఎండిపోతే రాబోయే చలికాలపు ప్రమాదం పెరిగిందని తెరమీద చూపించండి, ఆటగాడు సిద్ధపడతాడు. రెండోది, చావులు ఎక్కువగా చలికాలం చివర, వసంతం మొదట్లో జరుగుతాయి, ఒంట్లో నిల్వ అంతా అప్పటికి అయిపోతుంది. నష్టం లెక్కను వసంతపు టర్న్‌లో వేయండి. మంచు పడిన రోజే మంద సగమైనట్టు చూపిస్తే ఆటగాడికి చేయడానికి ఏమీ మిగలదు, పాచిక తప్పుగా పడిందని తిట్టుకుంటాడు. 2009-10 చలికాలంలో మంగోలియా సుమారు కోటి పశువులను పోగొట్టుకుంది, కాబట్టి పెద్ద జుద్‌లో ఐదోవంతు మంద పోవడం అతిశయోక్తి కాదు.

ఏడాదికేడాది విడివిడిగా పాచిక వేస్తే వాతావరణం చరిత్రలా ప్రవర్తించదు. మధ్య మంగోలియాలో పాత చెట్ల వలయాలు పరిశీలించినవారు 1180-1190 మధ్య తీవ్ర కరువు, 1211-1225 మధ్య అరుదైన తడికాలం కనుగొన్నారు. చెంఘీజ్ ఖాన్ ఎదుగుదలకు ముందు గడ్డి లేదు, విస్తరణ వేళకు గడ్డి పుష్కలం. అందుకే పది పదిహేనేళ్ల పాటు సాగే మంచి, చెడు వరసలు పెట్టండి. అవి రాజకీయాన్ని కదిలించాలి. 627 నుంచి వరసగా మంచు, పశునష్టం వచ్చినప్పుడు తూర్పు తుర్కుల ఖగాన్ (మహా పాలకుడు) ఇల్లిగ్ వసూళ్లు పెంచాడు. తెగలు తిరగబడ్డాయి. 630లో చైనా టాంగ్ వంశపు సేన అతణ్ణి పట్టుకుంది. 839లో ఉయ్‌ఘుర్లను మంచు, తెగులు కలిసి కొట్టాయి, మరుసటి ఏడే కిర్గిజులు వచ్చి వాళ్ల రాజధాని ఓర్దు-బాలిక్‌ను నాశనం చేశారు. ఇదే క్రమాన్ని కోడ్‌లో రాయండి: మంచు, మంద నష్టం, పాలకుడి వసూళ్లు, అనుచరుల నిష్క్రమణ, పొరుగువాడి దాడి.

ఇక మ్యాప్. ఒక ప్రావిన్సుకు ఒక యజమాని, ఒక రంగు అన్న నియమం స్టెప్పీలో పనిచేయదు. ఒకే లోయలో వేసవిలో ఒక తెగ, చలికాలంలో మరొకటి ఉండొచ్చు. పాలమూరు గొల్లకురుమలు ఎండాకాలంలో మందల్ని కృష్ణ ఒడ్డుకూ నల్లమల వైపుకూ తోలుకుపోతే, దారిలో రైతులు ఎరువు కోసం పొలంలో మంద కట్టించుకుంటారు. నేల రైతుదే, ఆ కొన్ని రాత్రులు మాత్రం మందది. ఈ సంగతి తెలుగు పల్లెలకు కొత్త కాదు. మీరు చేయాల్సింది ప్రతి ప్రావిన్సుకు నాలుగు గళ్లు ఇవ్వడం, రుతువుకొకటి. ఒక్కో గడిని ఒక్కో తెగ పట్టుకోవచ్చు. యుద్ధలక్ష్యంగా ‘ఈ ప్రావిన్సు’ బదులు ‘ఈ ప్రావిన్సు చలికాలపు హక్కు’ అడగనివ్వండి.

ఇక్కడ ప్రోగ్రామర్లకు రెండు తలనొప్పులు వస్తాయి. ఏఐ ప్రతి రుతువుకూ శ్రేష్ఠమైన గడ్డి వెతుక్కోమంటే తెగలన్నీ వెళ్లి ఒకే లోయలో పడతాయి, ఆ లోయ ఎండిపోతుంది, మళ్లీ అన్నీ కలిసి పక్క లోయకు పరుగెడతాయి. పైగా 200 తెగలకు ఏటా నాలుగుసార్లు దారి వెతికితే ఆట నత్తలా నడుస్తుంది. రెండిటికీ మందు ఒకటే. ప్రతి తెగకూ నాలుగు విడుదుల వలయం ముందే రాసి ఉంచండి. జుద్, యుద్ధం, హక్కు తగాదా, మంద హద్దు దాటడం, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి జరిగితేనే ఏఐ ఆ వలయాన్ని తిరిగి ఆలోచించాలి. నిజ జీవితంలో కూడా సంచారులు ఇష్టం వచ్చిన దిక్కుకు తిరగరు, తాతలనాటి దారినే నడుస్తారు. ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది, చరిత్రకూ దగ్గరవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది అనుచరుల సంగతి.

తెముజిన్ (తర్వాతి చెంఘీజ్ ఖాన్) తండ్రి యెసుగేయ్ చనిపోయినప్పుడు, అతని వెంట ఉన్న తాయిచియుద్ తెగవాళ్లు ఏం చేశారు? తిరుగుబాటు జెండా ఎత్తలేదు, యుద్ధం ప్రకటించలేదు. విడిది ఎత్తుకుని వెళ్లిపోయారు. తెముజిన్ తల్లి హోఎలున్, పిల్లలు, కొద్దిపాటి గుర్రాలు మిగిలారు. మీ ఆటల్లో ఈ చర్యకు మాటే లేదు. సామంతుడు విధేయుడుగా ఉండాలి, లేదా తిరగబడాలి. స్టెప్పీలో అసలైన ఆయుధం మూడోది: వెళ్లిపోవడం.

ఖాన్ కింద 8 నుంచి 20 మంది నాయకులను పెట్టండి. ఒక్కొక్కరికీ ఇన్ని గుడారాలు, ఇంత మంద అని విడి ఖాతా ఉండాలి. ఏటా చలికాలపు విడుదుల పంపకం వేళ ప్రతి నాయకుడూ నాలుగు ప్రశ్నలు వేసుకుంటాడు. గడిచిన రెండేళ్లలో నాకేం ముట్టింది? ఈసారి ఇచ్చిన విడిది నా మందకు చాలుతుందా? చివరి యుద్ధంలో గెలిచామా? పక్క ఖాన్ ఇంతకన్నా మంచిది ఇస్తానంటున్నాడా? పెళ్లి బంధం, అందా అన్న ప్రమాణ సోదరత్వం తూకాన్ని కాస్త ఇటు మొగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు. తెముజిన్, జముఖా అందాలే. అయినా విడిపోయారు, జముఖా మనుషులు కొందరు తెముజిన్ వెంట వచ్చేశారు.

ఈ తూకాన్ని ఆటగాడికి దాచకండి. ప్రతి నాయకుడి పక్కనా నాలుగు అంకెలు కనబడాలి, వెళ్లే ఆలోచన మొదలైతే ఒక రుతువు ముందే సంకేతం రావాలి. దాచిపెడితే పొద్దున లేచేసరికి సగం సైన్యం మాయమై, ఆట మోసం చేసిందనిపిస్తుంది. ఇంకో ప్రమాదం గొలుసుకట్టు నిష్క్రమణ: ఒకడు వెళ్తే బలం తగ్గుతుంది, బలం తగ్గితే ఇంకొకడు వెళ్తాడు. ఖాన్ బతికున్నంతవరకు ఒక రుతువులో మూడోవంతు కన్నా ఎక్కువ గుడారాలు పోకుండా హద్దు పెట్టండి. ఖాన్ చనిపోయినప్పుడు మాత్రం ఆ హద్దు ఎత్తేయండి. అందరూ పోయి తల్లి, పిల్లలు, తొమ్మిది గుర్రాలు మిగిలినా అక్కడ ‘గేమ్ ఓవర్’ వేయవద్దు. ఆ కుటుంబంతో ఆట సాగాలి. స్టెప్పీ చరిత్రలోకెల్లా గొప్ప ఆరంభం అదే కదా!

అలా పోగొట్టుకున్నవాడు మళ్లీ ఎదిగే దారి నోకోర్. తెగను వదిలి, తనకు తానుగా నాయకుడిని ఎంచుకుని అతని వెంట నిలిచే సహచరుడు. మనం వాడే ‘నౌకరు’ ఆ మాట నుంచి ఫార్సీ మీదుగా వచ్చిందే. అర్థం దిగజారింది కానీ మూలంలో అది గౌరవపదం. వీరుణ్ణి చెప్పే ‘బహదూర్’, విడిదిని చెప్పే ఓర్దు నుంచి పుట్టిన ‘ఉర్దూ’ కూడా స్టెప్పీ నుంచి నడిచొచ్చిన మాటలే. నోకోర్లను ఒక్కొక్కరినీ పేరున్న పాత్రలుగా ఇవ్వండి. వాళ్లు తెగ లెక్కలో రారు, నిష్క్రమణ తూకానికి కట్టుబడరు.

దోపిడీ సొమ్ము పంపకం ఇందులో భాగం. 1202లో తాతార్ల మీదికి వెళ్లేముందు తెముజిన్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు: గెలుపు పూర్తయ్యేదాకా ఎవరూ సొమ్ము కోసం ఆగకూడదు, తర్వాత అందరికీ పంచుతాం. అల్తాన్, కుచర్, దారితాయ్ అనే దగ్గరి బంధువులు ఆ ఆజ్ఞను మీరారు. వాళ్లు తీసుకున్నది లాక్కున్నాడు. వాళ్లు మనసు విరిగి శత్రువుల వైపు పోయారు. ఆటలో ఇది రెండు పద్ధతుల మధ్య ఎంపిక. ఎవడికి దొరికింది వాడిది అంటే నాయకులు సంతోషిస్తారు, కానీ గెలుస్తున్న యుద్ధంలో సేన మధ్యలోనే చెదిరిపోతుంది. ఖాన్ చేతి మీదుగా పంపకం అంటే సేన నిలుస్తుంది, పెద్దింటివాళ్లు అలుగుతారు, చిన్నవాళ్లు దగ్గరవుతారు. ఖజానాలో సొమ్ము పేరుకుపోతే ఖాన్ బలవంతుడయ్యాడని మీ ఆట లెక్కవేస్తుంది. అది తప్పు. పంచని సొమ్ము ప్రతి రుతువూ విధేయతను తినేయాలి. చెంఘీజ్ కొడుకు ఒగొదేయ్ కాలంలో నూటికి ఒక గొర్రె చొప్పున తీసి, అదే దళంలోని పేదలకు ఇప్పించే నియమం ఉండేది. అలాంటి చట్టాన్ని జుద్ తర్వాత నిష్క్రమణను తగ్గించే సాధనంగా వాడుకోవచ్చు.

1206లో ఓనోన్ నది దగ్గర జరిగిన కురుల్తాయ్‌ని (ఖాన్‌ను ఎన్నుకునే పెద్దల సభ) ‘సామ్రాజ్యం ఏర్పడింది’ అన్న ఒక్క మీటగా కుదించకండి. అక్కడ జరిగిన అసలు పని తెగలను విరిచి కలపడం. జనాన్ని పది, వంద, వెయ్యిగా కట్టి 95 వేయి దళాలు చేశారు, చాలావాటిలో వేర్వేరు తెగలు కలిశాయి, తన దళం వదిలి వేరే దళంలోకి పోవడం మరణశిక్షకు తగిన నేరమైంది. 80 మంది రాత్రి కావలివాళ్లు, 70 మంది పగటి కావలివాళ్లతో ఉన్న కెషిగ్ అంగరక్షక దళం 10,000 అయింది. దళపతుల కొడుకులు అందులో సేవ చేయాలి, అంటే ఒక రకంగా జామీను. ఆటలో ఈ సంస్కరణకు మూడు షరతులు చాలు: కనీసం మూడు ప్రత్యర్థి తెగలు ఓడి ఉండాలి, పేరున్న నోకోర్లు పది మందైనా ఉండాలి, పాత నాయకుల్లో పెద్దవాళ్లు పోయో లొంగో ఉండాలి. ఫలితంగా నాయకుడి స్థాయిలో నిష్క్రమణ ఆగిపోతుంది. కానీ చీలిక పైకి ఎక్కుతుంది, రేపు వేరుపడేది రాకుమారులు.

అది వారసత్వం దగ్గర బయటపడుతుంది. పెద్దకొడుకు సింహాసనం ఎక్కే పద్ధతిని ఇక్కడ రుద్దకండి. చిన్నకొడుకు ఇంటి పొయ్యికి వారసుడు. చెంఘీజ్ సేనలో 1,29,000 మంది ఉంటే 1,01,000 మంది చిన్నవాడైన తొలుయ్‌కి దక్కారని ఫార్సీ చరిత్ర చెబుతుంది, ఖాన్ పదవి మాత్రం 1229లో ఒగొదేయ్‌కి వెళ్లింది. సేన ఒకరిది, బిరుదు ఒకరిది. పెచెనెగుల్లో పదవి కొడుకుకో తమ్ముడికో కాకుండా దాయాది శాఖకు పోయేదని బైజాంటియం చక్రవర్తి ఒకరు 10వ శతాబ్దంలో రాసుకున్నాడు. ఖజర్లకు ఇద్దరు పాలకులు, పూజ్యుడైన ఖగాన్ ఒకడు, రాజ్యం నడిపే బెగ్ ఒకడు.

కురుల్తాయ్‌కి కాలం పట్టాలి. ఒగొదేయ్ 1241 డిసెంబరులో పోతే అతని కొడుకు గుయుక్ ఎన్నిక 1246లో జరిగింది. మధ్యలో రాజ్యం నడిపింది ఒగొదేయ్ భార్య తోరెగెనె ఖాతూన్ (రాణి). గుయుక్ తర్వాత ఖాన్ అయిన తొలుయ్ కొడుకు మొంగ్కే 1259లో చనిపోయిన మరుసటి ఏడు రెండు కురుల్తాయ్‌లు ఇద్దరు ఖాన్‌లను ఎన్నుకున్నాయి, అతని తమ్ముళ్లు కుబ్లాయ్, అరిక్ బోకె నాలుగేళ్లు పోరాడారు. సిరియాలో ఉన్న మరో తమ్ముడు హులగు సేనలో పెద్దభాగాన్ని వెనక్కి తీసుకున్నాడు, మిగిలిన కొద్దిమంది 1260 సెప్టెంబరులో ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టు మమ్లూకుల చేతిలో ఓడారు. ఈ వరుసంతా ఆటలో పుట్టాలంటే ఖాన్ పోగానే దూరాన ఉన్న ప్రతి సేనానికీ ప్రశ్న వేయండి: వెనక్కి వెళ్లి ఓటు నిలబెట్టుకుంటావా, ఇక్కడే ఉండి గెలిచిన నేల నిలబెట్టుకుంటావా? రానివాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఎన్నికకు బలం తగ్గాలి. స్త్రీలను ఇందులో పక్కన పెట్టవద్దు. ప్రతి ఖాతూన్‌కూ సొంత విడిది, సొంత మంద, సొంత మనుషులు ఉండేవారు. 1251లో మొంగ్కే ఖాన్ కావడం వెనక అతని తల్లి సొర్గగ్తాని ఎన్నో ఏళ్ల నేర్పు ఉంది. రాజప్రతినిధిగా ఖాతూన్‌ను ఆడించే వీలు కచ్చితంగా కావాలి.

పొరుగు రాజ్యాల విషయంలో ఒక్క మాట. దోపిడీ సంచారుల స్వభావం అన్నట్టు మీ ఏఐ ప్రవర్తిస్తుంది. నిజానికి దోపిడీ, వ్యాపారం ఒకే బేరానికి రెండు చేతులు. ఉయ్‌ఘుర్లు టాంగ్ రాజ్యానికి గుర్రానికి 40 పట్టు తానుల చొప్పున అమ్మారు. చైనాలో మింగ్ కాలంలో సంత మూసేస్తే మంగోలు పాలకుడు అల్తాన్ ఖాన్ 1550లో బీజింగ్ గోడల దాకా వచ్చాడు, 1571లో సంతలు తెరిచి సంధి చేసుకున్నాక సరిహద్దు చల్లబడింది. స్థిర రాజ్యాలకు ‘సంత తెరువు, సంత మూయి’ అన్న మీట ఇవ్వండి. మూస్తే ఖాన్ దగ్గర పంచడానికి పట్టు ఉండదు, ధాన్యం ఉండదు, నాయకులు సణుగుతారు, దాడి చేయక తప్పదు. మీరు ప్రత్యేకంగా దురాశ అన్న గుణం రాయక్కర్లేదు.

యుద్ధకాలం గురించి పొడిగా చెబుతాం. శరదృతువులో గుర్రాలు బలిసి ఉంటాయి, వసంతంలో ఎముకలు తేలి ఉంటాయి. ఖాన్ దండయాత్రకు శరత్తు, అతని శత్రువుకు వసంతం. చైనా హాన్ వంశపు సేనలు షియోంగ్‌ను సంచారుల మీదికి క్రీ.పూ. 119లో వెళ్లింది వసంతంలోనే. గడ్డకట్టిన నదులు రహదారులవ్వాలి: చెంఘీజ్ మనవడు బతు సేన రష్యాలోని రియాజాన్‌ను 1237 డిసెంబరులో, వ్లాదిమిర్‌ను 1238 ఫిబ్రవరిలో పట్టింది, మంచు కరిగే వేళకు నోవ్‌గొరోద్ దాకా పోకుండా మళ్లింది.

గెలిచిన తర్వాత ఏం చేయాలన్నది ఆటలో కెల్లా కష్టమైన నిర్ణయంగా ఉండాలి. నగరం కట్టడాన్ని మీరు అభివృద్ధి మెట్టుగా చూపిస్తున్నారు. తుర్కుల బిల్గె ఖగాన్ ప్రాకారం ఉన్న నగరం కట్టాలనుకున్నప్పుడు సలహాదారు తొన్యుకుక్ వద్దన్నాడు. మన జనం టాంగ్ జనంలో నూరోవంతు కూడా లేరు, కదలికే మనల్ని కాపాడుతోంది, గోడలో కూర్చుంటే ఒక్క ఓటమితో పట్టుబడతాం అన్నది ఆయన వాదన. ఆటలో రాజధాని కట్టగానే శత్రువుకు గురి దొరకాలి. దానికి ఎదురుగా ఒగొదేయ్ సలహాదారు యెలు చుత్సాయ్ వాదన ఉంది. ఉత్తర చైనా రైతులను తరిమి పొలాలన్నీ మేతబీళ్లు చేద్దామన్న మాట వచ్చినప్పుడు ఆయన ఒగొదేయ్‌కి లెక్క చూపించాడు: ఉన్నచోట ఉండనిస్తే ఏటా 5 లక్షల లియాంగ్ (తూకం) వెండి, 80 వేల పట్టు తానులు, 4 లక్షల షి (కొలత) ధాన్యం. ఈ రెండు వాదాలనూ ఇద్దరు సలహాదారుల నోట ఆటగాడి ముందు పెట్టండి. మూడోది ఖితాన్ల లియావ్ రాజ్యపు దారి: స్టెప్పీకి ఉత్తర పాలన, రైతులకు దక్షిణ పాలన, అయిదు రాజధానులు ఉన్నా చక్రవర్తి మాత్రం రుతువుకొక విడిదికి తిరుగుతూనే ఉంటాడు. ఇది ఖరీదైన ఏర్పాటు, రెండు వర్గాలూ ఒకరినొకరు అనుమానిస్తాయి. అయినా రెండు శతాబ్దాలు నిలిచింది.

స్టెప్పీ దాటాక గడ్డి ద్వీపాలు ఎక్కడున్నాయో మ్యాప్‌లో గుర్తించండి. హంగరీ మైదానం, అజర్‌బైజాన్‌లోని ముఘాన్. ఇరాన్‌ను ఏలిన మంగోలు పాలకులు ఇల్‌ఖాన్‌లు చలికాలం ముఘాన్‌లో, వేసవి అలాతాగ్ కొండల్లో గడిపారంటే కారణం మేతే. అలాంటి ద్వీపం లేని చోట సంచార సేన రెండు రుతువులకు మించి నిలవకూడదు. సంచార వంశాలు స్టెప్పీతోనే అంతమవుతాయనీ అనుకోకండి. గోల్కొండ రాజ్యాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ కుతుబ్ షా పూర్వీకులు ‘నల్ల గొర్రెల’ తుర్క్‌మెన్లు, కరా కోయున్లు సంచార కూటమి పాలకులు. ఓడిన వంశపు యువకుడు కొద్దిమందితో దూరదేశపు కొలువులో చేరి, తరాల తర్వాత కాకుండా తన జీవితంలోనే రాజ్యం పెట్టే దారి ఆటలో ఉండాలి.

అందరినీ ఒకే అచ్చులో పోయవద్దని కూడా మనవి. కిప్చాకులకు ఒకే పెద్ద ఖాన్ ఎన్నడూ లేడు, పెచెనెగులు ఎనిమిది భాగాలు. జుర్చెన్లు అసలు సంచారులే కారు, అడవి అంచున పొలం దున్ని పందులు పెంచినవాళ్లు. వాళ్లకు ఈ వ్యవస్థ తగిలించకండి.

చివరగా పరీక్ష. మనిషి చేయి పెట్టకుండా ఏఐతోనే 300 ఏళ్లు, 50 సార్లు ఆడించి చూడండి. 50 సార్లూ ఒకే మహాసామ్రాజ్యం ఏర్పడితే దోపిడీ సొమ్ము మరీ ఎక్కువైంది, లేదా నిష్క్రమణ మరీ కష్టమైంది. ఒక్కసారీ ఏర్పడకపోతే నోకోర్ల బలం చాలలేదు. 5 నుంచి 15 సార్లు ఏర్పడి, అందులో ఎక్కువభాగం మూడు తరాల్లో చీలితే సరైన దారిలో ఉన్నట్టు. జుద్ తర్వాత 20 ఏళ్లకూ కోలుకోని తెగలు సగానికి మించితే గొర్రెల వృద్ధిని ముట్టుకోకండి, ఓతోర్ అనుమతి పుల్లరిని తగ్గించండి. వృద్ధి పెంచితే మంచి ఏళ్లలో మందలు పొంగిపోయి, హద్దు దాటి, తర్వాతి జుద్ ఇంకా ఘోరంగా కొడుతుంది.

గొర్రె లెక్కలు, వృద్ధి శాతాలు, జుద్ సంభావ్యత, నిష్క్రమణ తూకం, వీటన్నిటినీ కోడ్ లోపల పూడ్చకుండా విడి టెక్స్ట్ ఫైళ్లలో ఉంచండి. వోల్గా గట్టున సరిపోయే అంకెలు మంగోలియాలోని ఓర్ఖోన్ లోయలో సరిపోవు. ప్రాంతం వారీగా వాటిని సరిచేసే పని మోడర్లు (ఆటను సొంతంగా మార్చుకునే ఆటగాళ్లు) సంతోషంగా చేస్తారు, మేమూ చేస్తాం. మొదటి బీటాలోనే ఆ ఫైళ్లు తెరిచి ఇవ్వండి.

ఇట్లు,
స్టెప్పీ చరిత్ర చదువుకుంటూ ఈ ఆటలు ఆడే కొందరు తెలుగువాళ్లు